విమానానికి ముందు మూడు రోజులు: పారిస్సా, స్విట్జర్లాండా, ఇంకో ఊరా?

ప్రశ్న: మాది హనుమకొండ. అమ్మాయి పురుడుకని వచ్చి ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో ఉంటున్నాం. వచ్చే నెల మూడో గురువారం పొద్దున 11 గంటలకు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ ఫ్లైట్, అప్పటికి మేమొచ్చి 80 రోజులవుతుంది. ఇన్నాళ్లూ పసిదానితోనే సరిపోయింది, ఎక్కడికీ కదల్లేదు. ఆ వారంలో సోమ, మంగళ, బుధవారాలు ఖాళీగా ఉంటాయి, రైల్లో ఏదైనా ఒక ఊరు చూసి రండని అల్లుడు పోరు పెడుతున్నాడు. ఎక్కడికన్నదే తేలడం లేదు. అల్లుడేమో పారిస్ అంటాడు. మావారికి స్విట్జర్లాండ్ మంచు చూడాలని, పాత సినిమా పాటల్లో చూసినప్పటి నుంచీ ఉన్న కోరిక. నాకు మోకాళ్ల నొప్పులు, పైగా ఇద్దరం ముక్కూ మొహం తెలియని ఊళ్లో రైళ్లు మారడమంటేనే టెన్షన్. మాంసం తినం, గుడ్డు కూడా ముట్టం. ఏం చేయమంటారు?
– ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, ముందు ఒక లెక్క సరిచేసుకుందాం. మీ చేతిలో ఉన్నవి మూడు రోజులు కాదు, రెండే. బుధవారాన్ని ఇప్పుడే తీసి పక్కన పెట్టేయండి. ఆ రోజు మధ్యాహ్నానికల్లా మీరు ఎష్‌బోర్న్‌లో, మనవరాలి పక్కన ఉండాలి. సూట్‌కేసులు తూకం వేసుకోవాలి, అమ్మాయి ఏడుస్తుంది, మీరూ ఏడుస్తారు, వాటికీ టైమ్ కావాలి కదా.

ఇది పిరికితనంతో చెప్పడం లేదు. జర్మనీలో దూరప్రాంత రైళ్లు గంట కొట్టినట్టు నడుస్తాయని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది, అది పాత సంగతి. 2024లో అక్కడి దూరప్రాంత రైళ్లలో టైముకి చేరినవి 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టకుండా. గంట లేటయితే టికెట్ డబ్బులో పావు వంతు, రెండు గంటలు దాటితే సగం తిరిగి ఇస్తారు. విడిగా కొనుక్కున్న ఫ్లైట్ తప్పిపోతే మాత్రం కొత్త టికెట్ ఎవరూ కొనివ్వరు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను, ఏ దేశంలో అన్నది అడక్కండి. ఫ్లైట్ రోజు పొద్దునే వేరే ఊరి నుంచి రైల్లో బయల్దేరాం, మధ్యలో ఒక జంక్షన్‌లో మారాలి, ఏడు నిమిషాలు టైమ్. మొదటి రైలు నాలుగు నిమిషాలు లేటు. దిగి చూస్తే లిఫ్టు తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది, ఆ భాష రాకపోయినా దాని అర్థం నాకు బాగానే తెలిసింది. రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక హ్యాండ్‌బ్యాగు, మెట్లు. సగం మెట్లు దిగేసరికి పైన రైలు కదిలిన చప్పుడు. తర్వాతి రైల్లో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లేసరికి కౌంటర్‌లో ఆవిడ బోర్డు తిప్పబోతోంది. ఫ్లైట్ దొరికింది గానీ, ఆ రోజు నుంచి నాకొక నియమం: ఆఖరి రాత్రి నిద్ర విమానం ఎక్కే ఊళ్లోనే.

అంటే సోమవారం పొద్దున వెళ్లి, రెండు రాత్రులుండి, బుధవారం మధ్యాహ్నానికి తిరిగి రావాలి. ఇప్పుడు మీ ఇంట్లోవాళ్లు చెప్పిన ఊళ్లని ఈ కొలతతో చూద్దాం.

స్విట్జర్లాండ్: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బాసెల్‌కి మూడు గంటలు. కానీ బాసెల్‌లో మీవారు కలగన్న మంచు ఉండదమ్మా, అది నది ఒడ్డు నగరం. మంచుకొండల కింద ఉన్న ఇంటర్‌లాకెన్ చేరాలంటే మొత్తం ఐదు గంటలు పడుతుంది. అక్కడి నుంచి యుంగ్‌ఫ్రావ్‌యోక్ అనే పై స్టేషన్‌కి మళ్లీ కొండరైళ్లు, రెండు గంటలు అనుకోండి. అది 3,454 మీటర్ల ఎత్తు, గాలి పల్చగా ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వెళ్లకూడదు. టికెట్ మనిషికి 200 స్విస్ ఫ్రాంకుల దగ్గర మొదలై సీజన్‌లో ఇంకా పెరుగుతుంది. ఇంతా చేసి పైకి వెళ్లాక మబ్బు పడితే తెల్లటి గోడ ముందు నిలబడ్డట్టే. అక్కడివాళ్లు పొద్దునే కెమెరాలో కొండ కనిపిస్తోందో లేదో చూసుకుని అప్పుడు టికెట్ కొంటారు. ఒకే ఒక్క రోజు చేతిలో ఉన్నవాళ్లకి ఆ వీలు లేదు. స్విట్జర్లాండ్ తర్వాతి ట్రిప్పుకి ఉంచండి, ఒక్క దానికే ఐదారు రోజులు పెట్టుకుని.

పారిస్: నేరు రైలుంది, సుమారు నాలుగు గంటలు. మారక్కర్లేదు కాబట్టి మీ టెన్షన్‌కి మందే. అయితే పారిస్ అంటే నడక. మెట్రోలో చాలా స్టేషన్లు ఇంకా మెట్లమయమే. దానికి తోడు మీ రోజులు చూడండి: లూవ్ర్ మ్యూజియం మంగళవారం సెలవు, ఓర్సే మ్యూజియం సోమవారం సెలవు. ఈఫిల్ టవర్ కింద ఒక ఫొటో చాలనుకుంటే వెళ్లండి, తప్పు లేదు, ఆ ఫొటో చూపిస్తే హనుమకొండలో వచ్చే మర్యాదే వేరు. పారిస్ చూశామని మాత్రం అనిపించదు.

నా ఓటు స్ట్రాస్‌బర్గ్‌కి. పేరు వినలేదని తీసిపారేయకండి. ఫ్రాన్స్‌లో ఉంది, రైన్ నది ఇవతలి ఒడ్డు జర్మనీ. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేరు రైలైతే రెండు గంటల లోపే, కాకపోతే అలాంటివి రోజులో కొన్నే ఉంటాయి. మిగతావాటిలో కార్ల్స్‌రూలోనో, ఆఫెన్‌బుర్గ్‌లోనో మారాలి. అల్లుడితో నేరు రైలుకే టికెట్ తీయించండి, పదిహేను యూరోలు ఎక్కువైనా సరే. టికెట్ ఇప్పుడే కొంటే చవక, ఆఖరి రోజున రెండింతలు, మూడింతలు అవుతుంది. జర్మనీలో చవక టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, పక్క రైలు ఎక్కితే మళ్లీ డబ్బు కట్టాలి. రైలు 20 నిమిషాలకు మించి లేటయ్యేలా ఉంటే మాత్రం ఆ కట్టుబాటు పోతుంది, వేరే రైలు ఎక్కవచ్చు.

ఊరి పాత భాగమంతా ఇల్ అనే నది పాయల మధ్య ఒక లంకలాగా ఉంటుంది. 1988లోనే యునెస్కో జాబితాలో చేరింది. చిన్నది, చదునైనది, ట్రాముల్లో నేల మట్టానికే ఎక్కి దిగవచ్చు. మోకాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి. లంక చుట్టూ పడవ తిప్పుతారు, గంటకి పైగా కూర్చునే చూడొచ్చు. ‘పెతీత్ ఫ్రాన్స్’ అని పిలిచే పేటలో ఒకచోట పడవ లాకులోకి వెళ్లి ఆగుతుంది, నీళ్లు నింపి పడవని పైకి లేపుతారు, మన కాలవల మీది లాకుల్లాగే. చుట్టూ కొయ్య దూలాలు బయటికి కనిపించే పాత ఇళ్లు. ఒకప్పుడు తోళ్లు శుద్ధి చేసేవాళ్లుండే పేట అది, పైన అటకలు తెరిచి ఉండేది తోళ్లు ఆరబెట్టుకోవడానికే.

ఆ ఊరి చర్చి చూడకుండా రాకండి. శిఖరం 142 మీటర్లు, 1439లో పూర్తయింది. 1647 నుంచి 1874 దాకా, అంటే రెండు శతాబ్దాలకు పైగా, ప్రపంచంలో అంతకంటే ఎత్తయిన కట్టడమే లేదు. గులాబీ రంగు ఇసుకరాయి, సాయంత్రం ఎండ పడితే రంగు మారుతుంది. మెట్లెక్కడం మీవారికి వదిలేయండి, పైదాకా కాదు లెండి, 66 మీటర్ల దగ్గర ఉన్న వేదిక దాకా, మూడు వందల పైచిలుకు మెట్లు. మీరు లోపల ఖగోళ గడియారం దగ్గర కూర్చోండి. ఇప్పుడున్న యంత్రం 1842 నాటిది. రోజూ 12:30కి (ఆదివారం అడక్కండి, ప్రార్థనలుంటాయి) యేసు ముందు నుంచి పన్నెండుమంది శిష్యులు ఒక్కొక్కరే నడిచి వెళ్తారు, పైన ఒక కోడిపుంజు రెక్కలాడించి కూస్తుంది. 12:30 ఎందుకంటే ఆ గడియారం ఇప్పటికీ ఆ ఊరి సొంత సూర్యకాలంలోనే నడుస్తుంది, మన చేతి గడియారం కంటే అరగంట వెనక. దానికి మిట్టమధ్యాహ్నం అయ్యేటప్పుడు మనకి పన్నెండున్నర. రైళ్లొచ్చి దేశమంతా ఒకే టైమ్ అనకముందు ప్రతి ఊరికీ ఇలా ఒక సొంత మధ్యాహ్నం ఉండేది. మంగళవారం 11:30కల్లా వెళ్లి టికెట్ తీసుకోండి, ఆలస్యమైతే ముందు నిలబడ్డ పొడుగు మనుషుల వీపులు చూడాల్సి వస్తుంది.

ఇంకో సంగతి, వీధుల పేర్లు చూడండి. ఫ్రెంచిలో ఒకటి, దాని కింద జర్మన్‌లా కనిపించేది ఒకటి. అది అల్జాస్ ప్రాంతం వాళ్ల మాట. 1871లో ఈ ఊరు జర్మనీకి పోయింది, మొదటి యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌కొచ్చింది, 1940లో మళ్లీ జర్మనీకి, 1944 చివర్లో మళ్లీ ఫ్రాన్స్‌కి. డెబ్బై అయిదేళ్లు బతికిన ముసలమ్మ ఇల్లు కదలకుండా నాలుగుసార్లు దేశం మారింది. సరిహద్దుల గొడవలు తెలిసిన మనకి ఆ బోర్డులు వింతగా అనిపించవు.

మంగళవారం మధ్యాహ్నం ఓపికుంటే కొల్మార్ వెళ్లి రండి, లోకల్ రైల్లో అరగంట. చిన్న కాలవ, రంగు రంగుల ఇళ్లు, ఫొటోలకి బాగుంటుంది. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా విగ్రహం చేసిన బార్తోల్ది 1834లో పుట్టింది అక్కడే. ఓపిక లేకపోతే మానేయండి, నది ఒడ్డున బెంచీలు బోలెడు.

తిండి విషయం. అక్కడ ప్రసిద్ధమైనది ‘తార్త్ ఫ్లాంబే’, పల్చటి రొట్టె మీద మీగడ లాంటిది పూసి ఉల్లిపాయ వేసి కాలుస్తారు, మామూలుగా పంది మాంసం ముక్కలు కూడా వేస్తారు. అవి లేకుండా ఇమ్మంటే ఇస్తారు, ‘సాన్ లార్దోన్’ అని కాగితం మీద రాసుకుని వెళ్లి చూపించండి. కేకుల్లో గుడ్డు ఉంటుంది, వాటి జోలికి పోవద్దు. బ్రెట్‌జెల్ రొట్టె మాత్రం చాలాచోట్ల గుడ్డు లేకుండానే చేస్తారు, అడిగి తీసుకోండి. అన్నిటికంటే నయం, సోమవారం పొద్దున ఇంట్లో పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి, రైల్లో తింటే ఎవరూ ఏమీ అనరు. హింగు వాసనకి పక్కవాళ్లు ఒకసారి తిరిగి చూస్తారేమో, అంతే.

పాస్‌పోర్టులు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోండి, జిరాక్స్ పనికిరాదు. మీది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది, దానితో ఫ్రాన్స్ వెళ్లడానికి వేరే వీసా అక్కర్లేదు గానీ, 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ తన సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది, తిరిగి వచ్చేటప్పుడు రైల్లోకి పోలీసులు రావచ్చు. వస్తే కంగారు పడాల్సిందేమీ లేదు, చూపించి నమస్కారం పెట్టేయండి. వీసా కాగితం మీద రోజుల సంఖ్య ఎంతుందో కూడా ఇప్పుడే చూసుకోండి. దిగిన రోజు, ఎగిరే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. పెద్ద సూట్‌కేసులు అమ్మాయి ఇంట్లోనే వదిలి, ఇద్దరికీ కలిపి చక్రాల బ్యాగు ఒకటే తీసుకెళ్లండి. రైల్లోకి మెట్లుంటాయి, ఎత్తిపెట్టడానికి కూలీలు ఉండరు.

సరిహద్దు దాటడమే వద్దనుకుంటే కొలోన్ ఉంది. మన ఇళ్లలో జ్వరమొస్తే రుమాలుకి తడిపి నుదుటి మీద వేసే యూడీకొలోన్ పేరు ఆ ఊరిదే. ఫాస్ట్ రైలు గంటా పది నిమిషాలు, కానీ వెళ్లేటప్పుడు మైంజ్, కోబ్లెంజ్ మీదుగా నది వెంబడి పోయే నిదానం రైలెక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. కోటలు, ద్రాక్షతోటలు వరసగా వస్తాయి. స్టేషన్ బయటికి రాగానే మీద పడేటంత దగ్గరగా 157 మీటర్ల చర్చి, 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తిచేశారు. మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్లు పని ఆగిపోయి, సగం కట్టిన గోపురం మీద పాత క్రేన్ అలాగే ఉండిపోయిందట. కొలోన్ ఒక్క రాత్రికి సరిపోయే ఊరు. అందుకే రెండు రాత్రులకి స్ట్రాస్‌బర్గ్ అన్నాను.

ప్రశ్న: మాది గుంటూరు, పెళ్లయి ఆర్నెల్లయింది. ప్యాకేజీ టూర్‌లో యూరప్ వెళ్తున్నాం, గ్రూపు టూర్ పారిస్‌లో గురువారం ముగుస్తుంది. మేం మాత్రం శనివారం రాత్రి దాకా ఉండి ఫ్లైట్ ఎక్కుతాం. లండన్ రైల్లో రెండుంపావు గంటలేనట, శుక్రవారం వెళ్లి శనివారం వచ్చేద్దామని మా ఆవిడ. కుదురుతుందా?

జవాబు: కుదరదండీ. దూరం సరిగ్గానే చెప్పారు, కానీ బ్రిటన్ షెంగెన్‌లో లేదు, దానికి వేరే వీసా కావాలి. ఇంకో చిక్కు, మీది సింగిల్ ఎంట్రీ వీసా అయితే పారిస్‌లో బయటికెళ్లినట్టు నమోదయ్యాక మళ్లీ లోపలికి రాలేరు. ఆ రైలుకి రెండు దేశాల ఇమ్మిగ్రేషనూ పారిస్ స్టేషన్‌లోనే జరుగుతుంది కాబట్టి బ్రిటన్ వీసా లేకుండా వెళితే లండన్‌లో ఇరుక్కోరు లెండి, టికెట్ డబ్బులు పోయి ఆ గార్ ద్యు నోర్ స్టేషన్‌లోనే నిలబడతారు.

బదులుగా రేమ్స్ వెళ్లండి. పారిస్ ఎస్ట్ స్టేషన్ నుంచి 45 నిమిషాలు. ఫ్రాన్స్ రాజుల్లో ఎక్కువమందికి పట్టాభిషేకం జరిగిన చర్చి అక్కడుంది. గుమ్మం పక్కన నవ్వుతున్న దేవదూత శిల్పం ఉంటుంది. 1914లో యుద్ధంలో మంటలకి దాని తల విరిగి పడితే ముక్కలు ఏరి మళ్లీ అతికించారు, దగ్గరికి వెళ్లి చూడండి. లోపల వెనకవైపు నీలం అద్దాలు షగాల్ అనే చిత్రకారుడు రూపొందించినవి, 1974 నాటివి. హిట్లర్ సైన్యం 1945 మే 7న లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది కూడా ఈ ఊళ్లోనే, ఒక బడిలో. గోడల నిండా మ్యాపులతో ఆ గదిని మ్యూజియంగా ఉంచారు, వెళ్లే ముందు తెరిచి ఉందో లేదో చూసుకోండి. షాంపేన్ తయారయ్యేది ఈ చుట్టుపక్కలే, తాగకపోయినా సుద్దరాతిలో తొలిచిన నేలమాళిగలు చూడొచ్చు, లోపల పది, పన్నెండు డిగ్రీల చలి, స్వెటర్ పట్టుకెళ్లాలి.

శుక్రవారం పొద్దున వెళ్లి రాత్రికి పారిస్ వచ్చేయండి. శనివారం షాపింగ్ అని మీ ఆవిడ అంటుంది చూడండి, అని నేను రాయనక్కర్లేదు.

ప్రశ్న: నేను కోట్‌బుస్‌లో ఎంఎస్ చేస్తున్నాను, సొంతూరు ఖమ్మం. సెమిస్టర్ అయ్యాక బెర్లిన్ నుంచి ఇంటికి ఫ్లైట్, మధ్యలో రెండు రోజులు గ్యాప్. నా దగ్గర డ్యూచ్‌లాండ్ టికెట్ ఉంది, దాంతోనే ప్రాగ్ వెళ్లొచ్చా? లేకపోతే రైలు పాస్ కొననా? డబ్బులు పెద్దగా లేవు.

జవాబు: ఆ టికెట్ జర్మనీ లోపల, అదీ ప్రాంతీయ రైళ్లకే. 2023 మేలో నెలకి 49 యూరోలతో మొదలై 2025లో 58కి చేరింది, ఎంత పెరిగినా దానితో ఫాస్ట్ రైళ్లు ఎక్కనివ్వరు. ప్రాగ్‌కి సరిహద్దు అవతలి టికెట్, హోటల్ అన్నీ కలిపితే మీ బడ్జెట్ దాటిపోతుంది. రైలు పాస్ అస్సలు వద్దు. అది రోజూ వందల కిలోమీటర్లు తిరిగేవాళ్లకి గిట్టుబాటు. పైగా మీరు జర్మనీలో నివాసం ఉంటున్నారు కాబట్టి మీకు వర్తించేది ఇంటర్‌రైల్, టూరిస్టులు కొనే యూరేల్ కాదు. ఇంటర్‌రైల్‌లో సొంత దేశంలో తిరగడానికి రోజుల పరిమితి ఉంటుంది.

మీ స్టేషన్ నుంచే గోర్లిట్జ్‌కి నేరు రైలుంది కదా, గంటా పావు లోపు ప్రయాణం, ఉన్న టికెట్టే చాలు, ఖర్చు సున్నా. జర్మనీకి తూర్పు కొసన ఉన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల దెబ్బ పెద్దగా తగల్లేదు, అందుకే నాలుగైదు వందల ఏళ్ల ఇళ్లు వీధులకి వీధులు అలాగే నిలిచి ఉన్నాయి, సినిమా షూటింగులవాళ్లు ఆ ఊరిని వదలరు. ఊరి చివర నైసే నది, దాని మీద నడిచి దాటే వంతెన. అవతలి ఒడ్డు జ్గోజెలెట్స్, పోలండ్. 1945 దాకా రెండూ ఒకే ఊరు. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు జేబులో ఉంచుకోండి, అక్కడ తనిఖీలున్నాయి. అవతల జ్లోటీలు చెల్లుతాయి, కార్డు ఉంటే మార్చుకునే బాధ లేదు. ఆలుగడ్డ, జున్ను లాంటిది కూరి ఉడికించే పియెరోగి అడగండి, మన కజ్జికాయ ఆకారంలోనే ఉంటుంది, పైన వేసే వేపుడు మాంసం ముక్కలు వద్దనుకుంటే ముందే చెప్పాలి. వంతెన మధ్యకి వచ్చేసరికి ఫోన్‌లో పోలండ్‌కి స్వాగతం అని మెసేజ్ టింగుమంటుంది, స్క్రీన్‌షాట్ తీసి ఇంటి గ్రూప్‌లో పెట్టేయండి.